టెస్టింగ్ కోసం ల్యాప్‌టాప్‌లోనే మెయిల్ సర్వర్: డొమైన్ కొనాలా?

అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నానని, ప్రాజెక్టుకు వర్చువల్ మెషీన్‌లో (ల్యాప్‌టాప్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) మెయిల్ సర్వర్ పెట్టాలంటే డొమైన్ కొనాలా అని అడిగారు. అక్కర్లేదు తమ్ముడూ. 'డాట్ టెస్ట్' అనే చివరి పేరును 1999లోనే పరీక్షల కోసం పక్కన పెట్టారు. 'అనంత డాట్ టెస్ట్' అని పెట్టుకుని, ఏ పేరు ఏ ఐపీ అడ్రస్‌దో చెప్పే హోస్ట్స్ ఫైల్ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, అందులో వర్చువల్ మెషీన్ ఐపీ, దాని పక్కన ఆ పేరు రాసేయండి.

వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్‌కు 2 జీబీ ర్యామ్ చాలు. పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందుకునేది), డవ్‌కాట్ (ఇన్‌బాక్స్ చూపించేది) ఇన్‌స్టాల్ అయ్యేదాకా నెట్ ఉంచి, తర్వాత నెట్‌వర్క్‌ను 'హోస్ట్ ఓన్లీ'కి, అంటే మీ ల్యాప్‌టాప్‌తో మాత్రమే మాట్లాడేలా, మార్చండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. కోడ్‌లో తప్పు దొర్లి ఒకే మెయిల్ వెయ్యిసార్లు పోయినా, మీ ల్యాప్‌టాప్ గడప దాటదు.

ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఏ రకం సెటప్ కావాలని పోస్ట్‌ఫిక్స్ అడిగితే, 'లోకల్ ఓన్లీ' ఎంచుకుంటే అది తన మెషీన్ లోపలి మాటే వింటుంది, ల్యాప్‌టాప్‌లోని మీ యాప్ మెయిల్ అందుకునే 25వ పోర్టుకు కనెక్ట్ కాలేదు. 'ఇంటర్నెట్ సైట్' ఎంచుకోండి.

చాలామందికి టెన్షన్ వచ్చేది ఇక్కడే: లాగ్‌లో 'సెంట్' అని కనిపిస్తుంది, ఇన్‌బాక్స్ మాత్రం ఖాళీ. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఒక్కో యూజర్ మెయిళ్లన్నీ ఒకే ఫైల్‌లో వేస్తుంది. డవ్‌కాట్‌ను మెయిల్‌డిర్‌కు (ఒక్కో మెయిల్‌ను విడి ఫైల్‌గా ఫోల్డర్‌లో ఉంచే పద్ధతి) సెట్ చేసి ఉంటే అది వేరే ఫోల్డర్‌లో వెతుకుతుంది. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల్లో హోమ్ మెయిల్‌బాక్స్ విలువగా 'మెయిల్‌డిర్' రాసి, చివర స్లాష్ పెట్టండి. ఆ స్లాష్ లేకపోతే దాన్ని ఫోల్డర్‌గా కాదు, ఫైల్‌గా తీసుకుంటుంది.

యాప్ పంపిన మెయిల్ కంటితో చూస్తే చాలనుకుంటే ఇదంతా వద్దు. పరీక్ష మెయిళ్లను పట్టుకుని చూపించే మెయిల్‌పిట్ అనే టూల్ పెట్టుకుని 1025 పోర్టుకు పంపండి, బ్రౌజర్‌లో 8025 పోర్టు తెరిస్తే కనిపిస్తుంది.