మీరు అడిగారు: పాత ఎయిర్‌పోర్టులు ఎందుకు మిగలవు?

పోయిన నెల ఇదే పేజీలో న్యూయార్క్ కెనెడీ ఎయిర్‌పోర్టులో పాన్ యామ్ అనే విమానాల కంపెనీ 1960లో తెరిచిన టెర్మినల్ గురించి నాలుగు ముక్కలు రాశాం. పళ్ళెం బోర్లించినట్టుండే పెద్ద కప్పు, విమానం ముక్కు ఆ కప్పు కిందికే వచ్చి ఆగేది, వాన పడుతున్నా తడవకుండా ఎక్కేసేవారు. 2013లో దాన్ని మూసేసి కూల్చేశారు, ఆ జాగాని విమానాలు నిలిపే స్థలంగా చదును చేశారు. దీనిమీద ఉత్తరాలు బాగానే వచ్చాయి, కొన్ని కోపంగా కూడా.

ప్రశ్న: వందేళ్ళ రైల్వే స్టేషన్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి కదా సర్, ఎయిర్‌పోర్టు భవనం యాభై ఏళ్ళకే పనికిరాకుండా ఎలా పోతుంది? డబ్బు కోసం చెప్పే సాకు కాదా ఇది?

జవాబు: సాకు కొంత ఉంది, కాదనను. కానీ అసలు కారణం భవనంలో లేదండీ, బయట నిలబడిన విమానంలో ఉంది. రైలు వెడల్పు వందేళ్ళలో పెద్దగా మారలేదు, పాత ప్లాట్‌ఫారం పక్కన కొత్త రైలు చక్కగా ఆగుతుంది. విమానం అలా కాదు. 1930లలో వచ్చిన డీసీ-3 రెక్కల వెడల్పు 29 మీటర్లు, 1970లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన జంబో జెట్‌ది దాదాపు 60, ఆ తర్వాతి ఎయిర్‌బస్ ఏ380ది దాదాపు 80. ఒక డీసీ-3లో ముప్పై మంది పట్టడమే ఎక్కువ, జంబోలోంచి ఒకేసారి మూడు నాలుగు వందల మంది దిగుతారు, వాళ్ళ సామాన్లతో సహా. అంత పెద్ద విమానం తిరగడానికి భవనం ముందు ఎంత ఖాళీ కావాలో ఊహించండి. లండన్ హీత్రోలో 1955 నాటి టెర్మినల్ 2ని ఏడాదికి 12 లక్షల మంది కోసం కడితే, చివరి రోజుల్లో 80 లక్షల దాకా దానిలోంచే వెళ్ళారు. 2009లో మూశారు, మరుసటి ఏడాది కూల్చారు. ఆ ఇరుకు చూసినవాళ్ళు ఏడ్చి ఉండరనుకుంటాను.

దీనికి తోడు 1970లలో హైజాకింగుల తర్వాత తనిఖీలు మొదలయ్యాయి, 2001 తర్వాత ఇంకా పెరిగాయి. తలుపు తోసుకుని నేరుగా విమానం దగ్గరికి నడిచేలా కట్టిన హాల్లో ఎక్స్‌రే మెషీన్లు, బెల్టులు, వాటి ముందు క్యూలు ఎక్కడ పెడతారు?

నాకు తోచిన ఇంకో కారణం చెబుతాను, ఇది ఇంజనీర్లు చెప్పరు. స్టేషన్ ఊరి మధ్యలో ఉంటుంది, చుట్టుపక్కలవాళ్ళకి అది మనది అనిపిస్తుంది, కూలుస్తామంటే పదిమంది గేటు ముందు కూర్చుంటారు. ఎయిర్‌పోర్టు చుట్టూ కంచె, దాని పక్కన ఉండేవాళ్ళకి చప్పుడు తప్ప ఏమీ మిగలదు, ప్రయాణికుడేమో గంటలో వెళ్ళిపోతాడు. ఇంక దాని తరఫున గొడవ పడేదెవరు? పైగా వయసు లెక్క ఒకటి. అమెరికాలో చారిత్రక కట్టడాల జాబితాలోకి ఎక్కాలంటే భవనానికి మామూలుగా యాభై ఏళ్ళు నిండాలి. కెనెడీలోనే ఐ. ఎం. పే అనే ఆర్కిటెక్ట్ గీసిన సన్‌డ్రోమ్ అనే గాజుగోడల టెర్మినల్ ఉండేది, గాజు పలకల మధ్య లోహపు కమ్ములు కూడా లేకుండా గాజునే గాజుతో నిలబెట్టారు. యాభై నిండకుండానే 2011లో పోయింది.

ప్రశ్న: కూల్చకుండా పక్కకి జరపలేరా?

జవాబు: జరిపారు. కోపెన్‌హేగన్‌లో విల్‌హెల్మ్ లౌరిట్సెన్ గీసిన 1939 నాటి టెర్మినల్‌ని 1999లో చక్రాల మీదకెక్కించి, ఎయిర్‌పోర్టు ఒక వైపు నుంచి రెండో వైపుకి, దాదాపు నాలుగు కిలోమీటర్లు తీసుకెళ్ళారు. అమెరికాలో నెవార్క్‌లో 1935 నాటి భవనాన్నయితే ముక్కలుగా కోసి, జరిపి, మళ్ళీ అతికించారు. అంత ఖర్చు అన్నిచోట్లా పెట్టరు లెండి.

ప్రశ్న: కెనెడీలోనే ఉన్న టీడబ్ల్యూఏ అనే విమానాల కంపెనీ టెర్మినల్‌ని హోటల్ చేసేశారట. భవనాన్ని కాపాడటమంటే ఇదేనా, లేక వ్యాపారమా?

జవాబు: రెండూ. ఈరో సారినెన్ గీసినది అది, పక్షి రెక్కలు విప్పినట్టుంటుంది కప్పు, 1962లో తెరిచేనాటికి ఆయన లేరు, ముందు ఏడాదే పోయారు. 2001లో కంపెనీ మునిగి వేరేవాళ్ళ చేతికి వెళ్ళడంతో భవనం మూతపడి పద్దెనిమిదేళ్ళు ఊరికే పడి ఉంది. 1994లోనే న్యూయార్క్ నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది కాబట్టి కూల్చడం అంత తేలిక కాలేదు. చివరికి 2019లో 512 గదుల హోటల్ అయింది. గదులు పాత భవనంలో లేవు, వెనక రెండు కొత్త బ్లాకుల్లో ఉన్నాయి, అది మంచి పనే. విమానాల వేళలు చూపిస్తూ టపటపమని రేకులు తిరిగే పాత బోర్డుని కూడా మళ్ళీ పనిచేయించారు.

నా ఫిర్యాదు హోటల్ మీద కాదు. 2008లోనే దాని వెనక నెలవంకలా చుట్టేస్తూ కొత్త టెర్మినల్ 5 కట్టారు. ఆ హాల్లో కూర్చుంటే పెద్ద కిటికీలోంచి విమానాలు కనిపించాలి, సారినెన్ గీసిందే అందుకు. ఆ దృశ్యం అప్పుడే పోయింది. భవనాన్ని కాపాడేవాళ్ళు ఎప్పుడూ గోడలు, కప్పు లెక్కపెడతారు, ముందున్న ఖాళీ జాగా ఎవరి లెక్కలోకీ రాదు. కానీ ఆ ఖాళీ లేకపోతే అది ఎయిర్‌పోర్టని ఎలా తెలుస్తుంది? ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర స్పీక్ టెర్మినల్ కూడా హోటలే అయింది, కానీ విమానాలు ఆగిన పాత ఆవరణ దాని ముందు ఇంకా ఉంది, పాత విమానాలు కూడా పెట్టారు. నన్నడిగితే స్పీక్‌కే ఎక్కువ మార్కులు.

ప్రశ్న: బెర్లిన్ టెంపెల్‌హోఫ్ ఎయిర్‌పోర్టు భవనం హిట్లర్ హయాంలో కట్టింది. అలాంటిదాన్ని భద్రంగా దాచుకోవడం ఏంటండీ?

జవాబు: మంచి ప్రశ్న, సులువుగా తేలేది కాదు. ఎర్న్‌స్ట్ జాగెబీల్ అనే ఆర్కిటెక్ట్ నాజీ ప్రభుత్వం కోసమే గీశాడు, ఒక కొస నుంచి ఇంకో కొసకి దాదాపు 1.2 కిలోమీటర్లు, చూసేవాడు చిన్నబోవాలనే ఉద్దేశం దాచుకోలేదు. అయితే 1948లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్ దారులన్నీ మూసేసినప్పుడు బొగ్గు, పిండి మోసుకొచ్చిన విమానాలు దిగిన చోట్లలో అదొకటి. 2015లో శరణార్థులకి దాని హ్యాంగర్లలోనే, అంటే విమానాలు నిలిపే షెడ్లలోనే, చోటిచ్చారు. ఇన్ని పొరలున్నదాన్ని ఒక్క పొర చూసి కూల్చమనడం నాకు సమ్మతం కాదు. పైన చెప్పిన ఖాళీ జాగా మాట గుర్తుందా? 2008లో విమానాలు ఆగిపోయాక ఆ రన్‌వేల మైదానం పార్కు అయింది, దాని అంచుల్లో ఇళ్ళు కడతామంటే 2014లో బెర్లిన్ జనం ఓటేసి వద్దన్నారు. భవనం కోసం కాదు, మైదానం కోసం.

ప్రశ్న: భవనం ఉంది, లోపల అన్నీ మార్చేశారు. అప్పుడేమంటారు?

జవాబు: ఇదే ఎక్కువగా జరుగుతుంది, వార్తల్లోకి రాదు. న్యూయార్క్ లాగార్డియాలో నీటి మీద దిగే విమానాల కోసం 1940లో తెరిచిన గుండ్రటి టెర్మినల్ ఉంది, ఇప్పటికీ వాడుకలో ఉంది. లోపల గోడ చుట్టూ జేమ్స్ బ్రూక్స్ వేసిన పెద్ద బొమ్మ, మనిషి ఎగరాలని కలగనడం దగ్గర్నుంచి మొదలవుతుంది. 1950లలో దానిమీద రంగు కొట్టించేశారు. టెర్మినల్ కూలలేదు కాబట్టి గోడా అక్కడే ఉంది, 1980లో పై రంగు తీసి బొమ్మని మళ్ళీ బయటికి తెచ్చారు. మీకు తెలిసిన పాత టెర్మినల్‌కి రంగులేస్తున్నారని వింటే, ముందు లోపలికెళ్ళి గోడలన్నీ ఫోటోలు తీసిపెట్టుకోండి.