టెక్ సందేహాలు: పిన్‌బాల్ బంతి తేలిపోతోందా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా వర్చువల్ పిన్‌బాల్ మీదే, అంటే వాలు బల్ల మీద దొర్లే స్టీలు బంతిని కింద పడకుండా కొట్టే ఆటకి కంప్యూటర్ రూపం. ఒక్కరు తప్ప అందరూ వాడుతున్నది విజువల్ పిన్‌బాల్ ఎక్స్. ఇది ఉచితం. టేబుల్‌ని (ఒక్కో ఆట బల్లకి ఉండే ఫైలుని) ఎడిటర్‌లో తెరిచి లోపలి అంకెలన్నీ మార్చుకునే వీలూ ఉంది. మన వాళ్లకి తలనొప్పి మొదలయ్యేది కూడా అక్కడే.

ప్రశ్న: బంతి స్టీలుదిలా అనిపించడం లేదు, బెలూన్‌లా తేలుతోంది. స్క్రిప్ట్‌లో బాల్ మాస్‌ని 1 నుంచి 2కి పెంచినా వేగం పెరగలేదు. గ్రావిటీ పెంచితే ఆట అదుపు తప్పింది. 43 అంగుళాల టీవీని పడుకోబెట్టి ఆడుతున్నాను. (గుంటూరు నుంచి)

మాస్‌ని మళ్లీ 1కి తెచ్చేయండి. వాలు మీద దొర్లే బంతి వేగానికీ దాని బరువుకీ సంబంధం లేదని హైస్కూల్లోనే చదువుకున్నాం కదా, సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. మాస్ తేడా తెలిసేది బంతి ఫ్లిప్పర్‌కి (మీట నొక్కితే లేచి బంతిని కొట్టే రెక్కకి) తగిలినప్పుడు, లేదా ఇంకో బంతిని గుద్దినప్పుడు. 2 పెట్టాక మీ షాట్లు నీరసించి ఉంటాయి, గమనించి చూడండి.

మీ ఉత్తరంలో నాకు అనుమానం వచ్చింది చివర్లో రాసిన టీవీ మీద. విజువల్ పిన్‌బాల్ ఎక్స్ బంతి కదలికల్ని సెకనుకు 1000 సార్లు లెక్క వేస్తుంది. తెర ఎంత నెమ్మదిగా ఉన్నా ఆ లెక్క మారదు. కానీ మీరు చూసేది తెరనే కదా! 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములు వరుసలో ఆగితే 50 మిల్లీసెకన్ల ఆలస్యం. సెకనుకు 2 మీటర్ల వేగంతో దిగే బంతి ఆ కాస్త సమయంలో 10 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది. మామూలు ఫ్లిప్పర్ పొడవే 3 అంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు. బంతి ఫ్లిప్పర్ మీద ఉందని మీరు మీట నొక్కేసరికి అది దాటిపోయి ఉంటుంది. అప్పుడు తప్పంతా ఫిజిక్స్‌దే అనిపిస్తుంది.

అందుకని ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మోషన్‌ని నున్నగా చేస్తామనే ఆప్షన్లు ఏమున్నా ఆపేయండి. పిన్‌బాల్ ప్రోగ్రామ్ వీడియో ఆప్షన్లలో ముందుగా సిద్ధం చేసే ఫ్రేముల సంఖ్యని 1కి తగ్గించండి. ఇంత చేశాక ఓ గంట ఆడి చూడండి. సగం మందికి సమస్య ఇక్కడే తీరిపోతుందని నా అభిప్రాయం.

అప్పటికీ తేలుతుంటే స్లోప్ దగ్గరికి వెళ్దాం. అసలు మెషీన్‌లో బంతి 27 మిల్లీమీటర్ల వ్యాసంతో, సుమారు 80 గ్రాముల బరువుతో ఉంటుంది. ఈ కాలపు మెషీన్లని 6.5 డిగ్రీల వాలులో నిలబెడతారు. ఎడిటర్‌లో టేబుల్ ప్రాపర్టీస్ తెరిస్తే స్లోప్‌కి కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలు, విడిగా డిఫికల్టీ శాతం కనిపిస్తాయి. ఆటలో వాడే వాలు ఈ మూడూ కలిసి తేల్చేదే. కనిష్ఠం 5, గరిష్ఠం 7, డిఫికల్టీ 50 శాతం అయితే వాలు 6 డిగ్రీలు. డిఫికల్టీ 0 దగ్గర ఉంచి గరిష్ఠాన్ని ఎంత పెంచినా ఏమీ మారదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఒకసారికి అర డిగ్రీ కంటే ఎక్కువ పెంచకండి.

గ్రావిటీ జోలికి వెళ్లొద్దు. అది పెంచితే దొర్లే బంతితో పాటు గాల్లోకి లేచిన బంతి, ర్యాంపు చివర నుంచి కింద పడే బంతి కూడా మారిపోతాయి. మీ ఆట అదుపు తప్పింది అందుకే. దాని బదులు రబ్బర్ల ఎలాస్టిసిటీ ఫాలాఫ్ చూడండి. దెబ్బ గట్టిగా తగిలేకొద్దీ బంతి ఎగిరిపడటం తగ్గాలి. ఆ అంకె 0 ఉంటే వేగంగా వచ్చిన స్టీలు బంతి కూడా పిల్లలాడే రబ్బరు బంతిలా వెనక్కి తుళ్లుతుంది.

ప్రశ్న: నాది ఐదేళ్ల లాప్‌టాప్. టేబుల్ తెరవగానే ఫ్యాను హోరు. మల్టీబాల్ (ఒకేసారి చాలా బంతులు) మొదలైతే కుదుపులు. (హైదరాబాద్ నుంచి)

ఛార్జర్ పెట్టి ఆడుతున్నారా? బ్యాటరీ మీద ఆడుతూ ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువేం కాదు. లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్‌కి వెళ్లి పిన్‌బాల్ ప్రోగ్రామ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

ఆ తర్వాత తీసేయాల్సినవి: ముందు స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్, తర్వాత యాంబియంట్ ఆక్లూజన్, ఆ పైన సూపర్ శాంప్లింగ్. పొడవాటి పేర్లు చూసి కంగారు పడకండి, అన్నీ బొమ్మకి మెరుగులు దిద్దేవే. బంతి కదులుతుంటే వీటిని గమనించే తీరిక ఎవరికీ ఉండదు. వీడియో మెమరీ తక్కువైతే టెక్స్చర్ గరిష్ఠ పరిమాణాన్ని 2048కి దించండి. యాంటీ అలియాసింగ్‌ని మాత్రం పూర్తిగా తీసేయకుండా ఎఫ్‌ఎక్స్‌ఏఏ లాంటి తేలికరకం ఒకటి ఉంచండి, లేకపోతే ర్యాంపుల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. బంతి మీద టేబుల్ ప్రతిబింబం పడే ఆప్షన్‌ని నేనైతే చివరిదాకా వదులుకోను. స్టీలు బంతి అన్న నమ్మకం కలిగించేది అదే.

ఫ్యాను హోరుకి మందు వేరు. ఫ్రేములకి హద్దు పెట్టండి. మీ తెర 60 హెర్ట్జ్ అయితే సెకనుకు 300 ఫ్రేములు గీసి ఉపయోగం లేదు. దీనికి మంచి పాత కథ ఉంది. విండోస్‌తో వచ్చిన పిన్‌బాల్ ఆటకి హద్దే ఉండేది కాదట. ప్రాసెసర్ ఎంత గీయగలిగితే అంత గీసేది. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ రేమండ్ చెన్ దాన్ని సెకనుకు 100 ఫ్రేములకి కట్టేస్తే ప్రాసెసర్ వాడకం ఒక శాతానికి దిగిందని ఆయనే రాశారు.

ప్రశ్న: 90ల నాటి టేబుల్. బంతి ర్యాంపు సగం ఎక్కి వెనక్కి వచ్చేస్తోంది. ఫ్లిప్పర్ స్ట్రెంత్ పెంచెయ్యనా? (డాలస్ నుంచి)

ఆగండి. అన్ని షాట్లూ నీరసంగా ఉన్నాయా, ఆ ఒక్క ర్యాంపుతోనేనా పేచీ? ఒక్కటే అయితే తేడా ర్యాంపు ఫ్రిక్షన్‌లో ఉంటుంది, ఫ్లిప్పర్‌ని అనాల్సిన అవసరం లేదు. స్లోప్ ఎవరైనా పెంచేశారేమో కూడా చూడండి. వాలు పెరిగితే ఎక్కడం కష్టమే.

అన్ని షాట్లూ బలహీనమైతే స్ట్రెంత్ ఎంత ఉందో చూడండి. 90ల మధ్య నుంచి వచ్చిన మెషీన్ల టేబుళ్లకి, వాటిని కంప్యూటర్‌లో తయారుచేసేవాళ్లు 3200 చుట్టుపక్కల పెడుతుంటారు, 80ల మొదట్లో వాటికి అందులో సగమే. 100 చొప్పున పెంచుతూ చూడండి. ఈమధ్య తయారైన టేబుళ్లలో బంతి ఫ్లిప్పర్‌ని ఎక్కడ తాకిందో చూసి దాని దిశని, వేగాన్ని సరిదిద్దే కోడ్ స్క్రిప్ట్‌లో ఉంటుంది. దాన్ని మీ ఫ్లిప్పర్ విలువలకి తగ్గట్టుగానే కొలిచి రాస్తారు. అలాంటి టేబుల్‌లో స్ట్రెంత్ కెలికితే గురి మొత్తం పోతుంది. ఏం చేసినా ముందు ఫైలుకి కాపీ తీసుకుని, ఆ కాపీలోనే చేయండి.

ప్రశ్న: ఎక్స్‌పీలో ఆడిన స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్ విండోస్ 11లో వస్తుందా? (రాజమండ్రి నుంచి)

విస్టా నుంచి విండోస్‌తో రావడం ఆగిపోయింది. మీ దగ్గర పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంటే పిన్‌బాల్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని నడిపి చూడండి, చాలావరకు నడుస్తుంది. దీన్నే కొత్తగా రాసిన ఓపెన్ సోర్స్ రూపం కూడా ఉంది. దానికీ పాత ఆట డేటా ఫైళ్లు కావాలి. గూగుల్‌లో మొదట కనిపించిన సెటప్ ఫైలుని మాత్రం దింపుకోవద్దు. మీటలు పాతవే: ఎడమ ఫ్లిప్పర్‌కి జెడ్, కుడి ఫ్లిప్పర్‌కి స్లాష్, ఫుల్ స్క్రీన్‌కి ఎఫ్4.