బస్తాలు మోసేవాళ్లకి నడుం బెల్టు అక్కరకొస్తుందా?

విజయనగరం దగ్గర గోదాంలో చేరిన మీ తమ్ముడికి నెల తిరక్కుండానే నడుం పట్టేసిందన్నారు. బెల్టు కొనిస్తే సరిపోతుందా అని అడిగారు. నాది పలాస. జీడి ఫ్యాక్టరీలో పదిహేనేళ్లుగా స్టాకు చూస్తున్నాను, మనుషులు తక్కువైన రోజు నేనూ మోస్తాను. బెల్టు నేనూ కొన్నవాణ్నే.

2018లో తిత్లీ తుఫానుకి మా గోదాం రేకులు లేచిపోయి జీడిపిక్కల బస్తాలు తడిసిపోయాయి. పొడిగా ఉంటేనే ఒక్కోటి 80 కేజీలు. బస్తాలు మోసే కళాసీలతో కలిసి రెండ్రోజులు అవే మార్చాను. ఒళ్లు హూనమైంది గానీ నడుముకి ఏమీ కాలేదు. నెల పోయాక ఒక పొద్దున్న, ఇంకా టీ కూడా తాగలేదు, నేల మీదున్న పప్పు డబ్బా తీసి పక్కనున్న ఆటోలో పెట్టబోయాను. పది కేజీల డబ్బా అది. పాదాలు కదపకుండా నడుం మాత్రం తిప్పాను. కలుక్కుమంది. ఆటో కమ్మీ పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను. "ఏటి బావూ, డబ్బాకే పడిపోనావేటి?" అని మా మేస్త్రీ ఒకటే నవ్వు. పదకొండు రోజులు మంచం దిగలేదు. అదీ తప్పేనట, ఒకట్రెండు రోజులు పోయాక మెల్లగా నడవాల్సిందని డాక్టరు తర్వాత తిట్టారు.

ఆయనే విడమర్చి చెప్పారు. ముందుకి వంగితే డబ్బా ఒక్కటే కాదు, తల, చేతులు, ఛాతీ, అంటే ఒంటి బరువులో సగానికి పైనే, నడుం కింది పూసల మీద వేలాడుతుంది. దానికి తోడు నిద్ర లేచిన కొత్తలో పూసల మధ్య డిస్కులు నీరు పట్టి బిగుసుకుని ఉంటాయి. ఆ వేళప్పుడు వంగి, మెలి తిరిగితే ఇంకేముంది?

నవ్విన మేస్త్రీ పనితనం అప్పట్నించీ కాస్త శ్రద్ధగా చూడ్డం మొదలెట్టాను. లారీ దగ్గర ఆయన వంగడు. వెనక తలుపు దించి, దానికి వీపు ఆనించి నిలబడతాడు. పైనున్న ఇద్దరు బస్తాని మెడ కిందికి ఒరిగిస్తారు. బస్తా వీపుకి అతుక్కున్నాకే కదులుతాడు, తిరగాలంటే అడుగులేసుకుంటూ మనిషంతా తిరుగుతాడు. నేల మీది బస్తా ఎంత తొందరున్నా ఒక్కడే లేపడు. చెరో కొస పట్టి ఇద్దరు లేపాల్సిందే.

అందుకని మా గోదాంలో నేల మీంచి ఎత్తే పనే తగ్గించేశాం. పాత చెక్కలతో నడుమెత్తు బల్ల కొట్టించాం, డబ్బాలన్నీ దాని మీదే. నెట్టులో, అంటే పేర్చిన బస్తాల దొంతరలో, అడుగు వరస బస్తాల్ని తిన్నగా వీపుకెత్తకుండా, ముందు రెండు బస్తాలు పేర్చిన మెట్టు మీదకి లాగి, అక్కణ్నించి వీపుకెత్తుతాం. బరువైనవి నడుం ఎత్తులో, తేలికవి పైనా కిందా. ఖర్చల్లా ఆ బల్లకి మేకులు, వడ్రంగి కూలీ. తోపుడు బండి ఉంటే లాగకుండా నెట్టమనండి. హవాయి చెప్పులతో మాత్రం తడి చెక్క మీద నడవనివ్వకండి. మా దగ్గర కటింగు సెక్షన్లో జీడి నూనె కారి నేల జారుడుబండలా ఉంటుంది, బరువు కన్నా ఆ నేలంటేనే నాకు భయం.

ఇక బెల్టు. ఆరోగ్యంగా ఉన్న పనివాళ్లకి దాంతో దెబ్బలు తగ్గుతాయనడానికి తగిన ఆధారం లేదని అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లోనే తేల్చింది. నా అనుభవమూ అదే. బెల్టు కట్టిన రోజు ఎక్కడలేని ధైర్యం వచ్చి, మామూలుగా ముట్టని బస్తా కూడా ముట్టుకునేవాణ్ని. ఎముకల డాక్టరు కట్టుకోమంటే అది వేరే సంగతి.

యజమాని "మోయలేకపోతే మానెయ్" అనే రకమైతే ఈ మాట చెవిన వేయండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను, గాయమయ్యేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదనే చెప్పింది. మగవాడు ఒక్కడే మోసే బరువు 55 కేజీలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. నియోష్ లెక్కలో అయితే అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి ఎత్తడానికి 23 కేజీలే. మా 80 కేజీల బస్తా ముందు ఈ అంకెలు పెడితే మా షావుకారు కాసేపు మాట్లాడలేదు. బస్తా బరువు తగ్గలేదు, కానీ లోడుకి ఇంకో ఇద్దరు కళాసీలు వచ్చారు.

మీ తమ్ముణ్ని ఒక్కటి అడగండి: నొప్పి నడుం దగ్గరే ఉందా, కాల్లోకి దిగుతోందా? పాదం తిమ్మిరెక్కినా, నడుస్తుంటే పాదం ఈడ్చుకుపోతున్నా రెండు మూడ్రోజుల్లో డాక్టరుకి చూపించండి. కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా తెల్లారేదాకా కూడా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.