మా ఇంటి కథ చెప్పి జనాన్ని నవ్విస్తానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది ధర్మవరం. మా ఆయన మగ్గం నేసేవారు. అప్పులు పెరిగి, తాగుడు అలవాటై, ఆరేళ్ల కిందట చనిపోయారు. మా అమ్మాయి అనంతపురంలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతూ కాలేజీ నాటకాల్లో వేషాలు వేస్తోంది. అప్పులవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల నాన్న మగ్గం గుంతలో దాక్కోవడం, తాను వాకిట్లో నిలబడి ‘నాన్న బెంగళూరు పోయినాడు’ అని చెప్పడం, చివరికి ఆయన చావు, ఇవన్నీ కలిపి ఒక్కతే గంటసేపు వేదికపై చెబుతుందట, నవ్విస్తుందట. ఇదే వృత్తిగా చేసుకుంటానంటోంది. ఇంటి పరువు పోతుందని మా మరిది కోప్పడుతున్నాడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. దీనితో బతకగలదా అన్నది ఒకటి, మీ ఇంటి కథను ఆమె బయట చెప్పవచ్చా అన్నది రెండవది. నాటకరంగంలోకి వెళ్లనివ్వండి, కానీ ఈ ఒక్క ప్రదర్శనను నమ్ముకుని కాదు అన్నది మొదటిదానికి నా జవాబు. రెండవదే కష్టమైనది కనుక ముందుగా దాని గురించి రాస్తాను.

ఒక్కరే నిలబడి కథంతా నడపడం మనకు కొత్త కాదు. హరిదాసు అన్ని పాత్రలూ తానే అయి, మధ్యలో పిట్టకథతో నవ్వించి, తిరిగి అసలు కథలోకి తీసుకువెళ్తాడు. బుర్రకథలో ఆ భారాన్ని ముగ్గురు పంచుకుంటారు: కథకుడు కథ నడిపితే, ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత లోకం తీరు మీద వ్యాఖ్యానిస్తాడు. మీ అమ్మాయి తలపెట్టిన ప్రదర్శనలో ఆ ముగ్గురూ ఆమే, పైగా చెప్పేది పురాణ కథ కాదు, తాను పెరిగిన ఇంటి కథ. పోటీల్లో దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేసినవారికి ఒకచోట పద్యం తప్పితే మార్కులు మాత్రమే పోతాయి. ఇక్కడ ఒక నవ్వు తప్పుచోట పడితే తండ్రి చావే నవ్వులపాలవుతుంది.

అందువల్ల ఆమె రాసుకున్న స్క్రిప్టు తీసుకుని, ప్రేక్షకులు నవ్వాలని ఆమె అనుకున్న ప్రతిచోటా ఎవరిని చూసి నవ్వుతారో పక్కన రాయమని చెప్పండి. అబద్ధం చెప్పడం చేతకాక తడబడే పిల్లను చూసి నవ్వవచ్చు, అప్పు అడగడానికి వచ్చి కదలకుండా కూర్చుని మజ్జిగ అడిగే సావుకారును చూసి నవ్వవచ్చు, కానీ గుంతలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న మనిషి నిస్సహాయతను చూసి నవ్వే పరిస్థితి వస్తే ఆ ఘట్టాన్ని తిరగరాయాలి. చావు చెప్పిన వెంటనే మరో హాస్యోక్తి వేసి తప్పించుకునే అలవాటు కొత్తవారిలో ఎక్కువ. మంచి దర్శకుడు మొదట సరిచేసేది దాన్నే. ఒంటరి ప్రదర్శన అన్నంత మాత్రాన దర్శకుడు అక్కరలేదని ఆమె అనుకుంటూ ఉంటే ఆ అభిప్రాయం మార్చండి.

ఆమె సిద్ధంగా ఉందో లేదో కూడా రిహార్సల్‌లోనే తెలుస్తుంది. తండ్రి పోయిన రాత్రి గురించి చెబుతుండగా దర్శకుడు ఆపమంటే ఆపి, మంచినీళ్లు తాగి, అదే వాక్యం నుంచి మళ్లీ మొదలుపెట్టగలిగితే అది నటన. అలా చేయలేక, తరువాత రెండు మూడు రోజులు నిద్ర, తిండి లేకుండా గడుపుతూ ఉంటే, ఆ ఘట్టాన్ని పక్కనపెట్టి మానసిక నిపుణులను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రేక్షకుల చప్పట్లు చికిత్స కావు. ఎవరూ నవ్వని రోజు కూడా ఆమె గంటసేపు నిలబడవలసి ఉంటుంది.

ఇక చట్టం సంగతి. రిచర్డ్ గాడ్ అనే స్కాటిష్ హాస్యనటుడు తనను వెంటాడి వేధించిన మహిళ గురించి 2019లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ఒంటరి ప్రదర్శన ఇచ్చాడు. అది 2024లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా వచ్చాక, ఆ పాత్రకు మూలం తానేనంటూ ఒక మహిళ ఆ సంస్థపై పరువునష్టం దావా వేశారు. మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల వరకు శిక్ష ఉంది. కుటుంబసభ్యులను నొప్పించాలనే ఉద్దేశంతో చనిపోయినవారిపై వేసే నింద కూడా దాని పరిధిలోకి రావచ్చు. మీ అమ్మాయికి ఆ ఉద్దేశం లేదు కనుక తండ్రి విషయంలో భయపడనక్కరలేదు. అప్పులవాళ్ల విషయంలో మాత్రం పేరు మార్చితే చాలదు, వీధి, దుకాణం, నడిపే బండి, మాట తీరు కూడా మార్చాలి. ధర్మవరంలో ఎవరు ఎవరో అందరికీ తెలుసు.

అందుకే మొదటి ప్రదర్శన ధర్మవరంలోనూ అనంతపురంలోనూ వద్దు. హాలులో ఫోన్‌తో చిత్రీకరించనివ్వకూడదు, ఎందుకంటే ఒక నిమిషం ముక్క వాట్సాప్‌లో తిరిగితే ముందూ వెనకా ఉన్న కథ ఎవరికీ కనబడదు. మీరు మొదటి ప్రేక్షకురాలిగా కూర్చోకండి, మీ ముఖం చూస్తూ ఆమె నిజం చెప్పలేదు. స్క్రిప్టు మాత్రం ముందుగా చదవండి. మీకు, మీ భర్తకు మధ్య జరిగి, ఆమె విని మాత్రమే తెలుసుకున్న సంగతులు మీవి. అవి వద్దంటే ఆమె తీసివేయాలి. ఆమె కళ్లతో చూసినవి ఆమెవి.

బతుకుతెరువు విషయానికి వస్తే, తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ న్యాయవాదిగా సంపాదిస్తూనే గొప్ప నటుడయ్యారు. నేటికీ మన ప్రాంతంలో టికెట్టు కొని నాటకం చూసేవారు తక్కువ కనుక ఆ దారే మేలు. బీకాం తప్పక పూర్తిచేయాలి, దానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు కనీసం 6 నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు, హిందీ, ఇంగ్లీషు కూడా రావాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల్లో రెండేళ్ల పీజీ ఉంది. ఈ రెండుచోట్లా నలుగురితో కలిసి పనిచేయడం రావాలి కనుక ఇప్పుడే ఇతరుల నాటకాల్లో చిన్న వేషాలైనా వేయమనండి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లపాటు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు నాటకరంగం నుంచి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ధర్మవరం జంక్షన్ నుంచి బెంగళూరుకు రైళ్లకు కొదవ లేదు. అక్కడ అకౌంట్స్ ఉద్యోగం చూసుకుని, సాయంత్రాలు నాటక బృందాలతో పనిచేస్తూ, 2004లో మొదలైన రంగశంకర వంటి వేదికల్లో ఇతరుల ఒంటరి ప్రదర్శనలు చూస్తే, తన స్క్రిప్టులో ఏది అక్కరలేదో ఆమెకే తెలిసివస్తుంది. బడుల్లో నాటకం నేర్పే పని, ఆకాశవాణి నాటకాల ఆడిషన్, డబ్బింగ్ వంటివి తరువాతి మెట్లు. గంట ప్రదర్శన తయారు కావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోవద్దు. ముందు పదిహేను నిమిషాల ముక్కతో పరిచయస్తుల ముందు ప్రయత్నించమనండి.

మీ మరిదిగారి కోపాన్ని తేలికగా తీసుకోకండి. అన్నగారిని అందరి ముందూ చిన్నబుచ్చుతారన్న బాధ అందులో ఉండవచ్చు. స్క్రిప్టులో ఆయన కనిపించే సంఘటనలు ఉంటే, ఆయన కోరిన మేరకు వాటిని తీసివేయించండి. తండ్రి గురించి కూతురు అసలు మాట్లాడనేకూడదని ఆయన అంటే మాత్రం, ఆ నిర్ణయం తీసుకునే హక్కు ఆయనకు లేదని మీరే నెమ్మదిగా చెప్పండి.