పాఠాలు పంచుకునే ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల వల్ల వెనకబడిన పిల్లలకు మేలు జరుగుతోందా? ఎలా తేల్చాలి?

ఎన్ని వీడియోలు పెట్టారు, ఎంతమంది చూశారు అనే లెక్క ముందు మేమూ వేశాం. ఏమీ తేలలేదు.

నేను విశాఖలో జాలరిపేట పిల్లలు ఎక్కువగా వచ్చే ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. పాఠాలు పంచుకునే మా వాట్సాప్ గ్రూపులో నగరం బడులూ, పాడేరు, అరకు వైపు బడులూ ఉన్నాయి. 2022లో జిల్లా విడిపోయి అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినా గ్రూపు విడిపోలేదు.

ముందు ఎవరు ఇస్తున్నారో, ఎవరు తీసుకుంటున్నారో చూడండి. మా దాంట్లో పెట్టేదంతా నగరం వాళ్లే. కొండ మీది మాస్టారు సంతకు దిగినప్పుడే వీడియోలు దించుకునేవారు. అవీ తెలుగులో ఉంటాయి, ఆయన పిల్లల ఇంటి భాషేమో కువి. ఆయన ఒకసారి ఒక పలక ఫొటో పెట్టారు: 52లోంచి 27 తీసేస్తే 35. పైదా కిందదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు పిల్లవాడు. గ్రూపులో ఒక్కరూ పలకలేదు. మర్నాడు అదే లెక్క నా తరగతిలో ఇస్తే సగం నోటుపుస్తకాల్లో 35! వాళ్లలో సాయంత్రాలు తల్లి పక్కన చేపల గంప దగ్గర కూర్చునే అమ్మాయి ఉంది. "52 రూపాయల్లో 27 ఖర్చయితే ఎంత మిగులుతుంది?" అని అడిగితే తలెత్తకుండానే "పాతిక" అంది. ఆ ఏడాది నా బోధనను మార్చిన సందేశం ఆ ఫొటో ఒక్కటే. స్పందనల లెక్కలో దాని విలువ సున్నా.

కొలవడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేస్తున్న, పిల్లలకు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే పద్ధతి చాలు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అక్షరం, పదం, పేరా, కథ చదివించి ఎక్కడ ఆగారో రాసుకోవడమే. సగటు మాత్రం తీయకండి. కథ చదవగలిగే పిల్లలు ఒక బడిలో నూటికి 60 నుంచి 75కి, ఇంకొకదాంట్లో 30 నుంచి 35కి పెరిగితే సగటు పెరిగినట్టే కనిపిస్తుంది, అంతరం మాత్రం 30 నుంచి 40 అవుతుంది. అట్టడుగున ఉన్నవారి లెక్క విడిగా రాయాలి.

పెరిగింది గ్రూపు వల్లేనా అంటారా? గ్రూపులో చర్చించిన పాఠాన్నీ, చర్చించని పాఠాన్నీ అదే తరగతిలో పక్కపక్కన పెట్టి చూశాం. గట్టి రుజువేమీ కాదు, ఊరికే అనుకోవడం కంటే నయం.

మా పెద్ద పొరపాటు బడిలోనే కొలవడం. ఆ రోజు రాని పిల్లలు లెక్కలోకే రాలేదు. అసర్ వాళ్లు ఇళ్లకు వెళ్తారు. రెండోసారి మేమూ హాజరుపట్టీ పట్టుకుని పేట సందుల్లో తిరిగాం. అంకెలు పడిపోయాయి. అవి గ్రూపులో పెట్టడానికి ఒకరిద్దరు మొహమాటపడ్డారు. పెట్టాం.