మొదటి గ్లాసంతా నురగే!

ప్రశ్న: డాలస్‌లో మా ఇంట్లో కెగరేటర్ పెట్టుకున్నాం, అదే కెగ్‌ను (బీరు పీపాను) చల్లగా ఉంచి ట్యాప్‌తో బీరు పట్టుకునే ఫ్రిజ్. బీరు పడితే గ్లాసులో సగానికి పైగా నురగే. బీరును పైకి తోసే గ్యాస్ ప్రెషర్ 12 నుంచి 6 పీఎస్‌ఐకి తగ్గించినా మార్పు లేదు. ఏం చేయాలండీ?

జవాబు: ముందు ప్రెషర్‌ను మళ్లీ 12కి తెచ్చేయండి. నురగ చూడగానే అందరూ తగ్గించేది దాన్నే, అక్కడే పని చెడుతుంది. ఒత్తిడి చాలకపోతే బీరులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పైపులోనే విడిపోతుంది. పైపును దగ్గరగా చూడండి, బీరు మధ్యలో వేలెడంత ఖాళీలు కనిపిస్తే సంగతి అదే.

రెండో గ్లాసు బాగానే వస్తోందా? అయితే తప్పు టవర్‌ది, అంటే ఫ్రిజ్ మీద ట్యాప్ బిగించి ఉండే నిలువు గొట్టానిది. కింద కెగ్ 3 డిగ్రీల సెల్సియస్‌లో చల్లగా ఉన్నా, పైన టవర్‌లో నిలిచిన బీరు గది వేడికి వెచ్చబడుతుంది. చిన్న ఫ్యాన్‌కు గొట్టం తగిలించి ఫ్రిజ్‌లోని చల్లగాలిని టవర్‌లోకి పంపండి.

ప్రతి గ్లాసూ ఇలాగే ఉంటే పైపు పొడవు కొలవండి. చాలా కెగరేటర్లకు 5 అడుగులదే వస్తుంది. లోపలి వ్యాసం 3/16 అంగుళాలున్న పైపు 10 అడుగులు వేస్తే బీరు నెమ్మదిస్తుంది. మరీ నెమ్మదిగా వస్తే అరడుగు చొప్పున కత్తిరించుకోవచ్చు, అతికించడం మాత్రం కుదరదు.

ట్యాప్ సగం తిప్పి పట్టకండి. ఆ సన్నని సందులో బీరు చెదిరి నురగవుతుంది. ఒక్కసారిగా పూర్తిగా తెరవాలి. రెండు వారాలకోసారి పైపును బీర్‌లైన్ క్లీనర్‌తో కడగండి, ట్యాప్ విప్పి లోపలి జిగురు బ్రష్‌తో తీయండి. కొత్త కెగ్ తెచ్చాక ఒక రోజు కదపకుండా చల్లబడనివ్వండి.