తమ్ముడికి, నీ షేక్‌స్పియర్ వ్యాసం గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివా, రెండోసారి పైకి చదివా. షేక్‌స్పియర్ నాటకాల్ని ఆయన కాలం నాటి ఉచ్చారణలో ఆడటం మీద తెలుగులో రాద్దామనుకున్నావు చూడు, అక్కడే నాకు నచ్చేసావు. కానీ మొదటి పేజీ అంతా దాన్ని ఒరిజినల్ ప్రొనన్సియేషన్ అంటారు, ఫలానావాళ్ళు మొదలుపెట్టారు అనడంతోనే సరిపోయింది, ఒక్క మాట చెవిన పడలేదు. ముందు వినిపించు, చరిత్ర తర్వాత.

ఆయన 116వ సానెట్ (పద్నాలుగు లైన్ల పద్యం) చివరి రెండు లైన్లు తీసుకో. ఒకటి ప్రూవ్డ్ అని ఆగుతుంది, ఇంకోటి లవ్డ్ అని. ఇప్పుడు చదివితే అంత్యప్రాస కుదరదు. అప్పట్లో రెండిట్లోనూ అచ్చు పొట్టిదే, ఆ కాలం నాటకకర్త బెన్ జాన్సన్ తన గ్రామర్‌లో లవ్‌నీ ప్రూవ్‌నీ ఒకే జట్టులో పెట్టాడు కూడా. 'ప్రవ్డ్, లవ్డ్' అని పలుకు, అతికినట్టు ఉంటుంది (అసలు అచ్చు మన అ-కీ ఉ-కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఆ సంగతి కూడా పాఠకుడికి చెప్పు). భాషాశాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ లెక్కలో 154 సానెట్లలో 96 ఇప్పటి ఉచ్చారణలో ఎక్కడో ఒకచోట ప్రాస తప్పుతాయి.

శ్లేష దగ్గర నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు, నాకు నిజంగా బాధేసింది. యాజ్ యు లైక్ ఇట్ నాటకంలో జేక్వీజ్ అనేవాడు అడవిలో ఒక విదూషకుడి మాటలు విని గంటసేపు ఆపకుండా నవ్వానంటాడు. ఆ మాటలేమో గంట గంటకీ పండుతాం, గంట గంటకీ కుళ్ళిపోతాం అని, ఇందులో అంత నవ్వేముంది? అప్పుడు అవర్‌ని (గంటని) 'ఓర్' అనేవాళ్ళు, వేశ్యని పిలిచే మాట కూడా అదే 'ఓర్', హ పలక్కపోతే రెండిటికీ తేడా లేదు. ఇది తెలిశాక ఆ పండటం కుళ్ళడం ఇంకోలా వినిపిస్తాయి, ఆ నవ్వు మనకీ అందుతుంది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, పేజీ మొత్తం ఇచ్చెయ్.

"షేక్‌స్పియర్ అచ్చం ఇలాగే మాట్లాడాడు" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. ప్రాసలు, అప్పటి స్పెల్లింగులు, గ్రామర్ పుస్తకాలు చూసి కట్టిన అంచనా అది, క్రిస్టల్ కూడా అంతకుమించి అనడు. అప్పటి లండన్‌లో కూడా ఒక్క యాసేం లేదు కదా.

మనవాళ్ళకి ఇది కొత్త పద్ధతేం కాదు. నన్నయ, తిక్కన ప్రాసలో రేఫనీ శకటరేఫనీ (ర, ఱ) కలపలేదు కాబట్టే ఆ రెండూ అప్పుడు వేరుగా పలికేవని మనం అంటున్నాం. ఈ పోలిక పెట్టు, తెలుగు చదివినవాళ్ళకి ఠక్కున ఎక్కుతుంది.

2004లో లండన్ గ్లోబ్ థియేటర్‌లో రోమియో అండ్ జూలియట్ ఈ పాత ఉచ్చారణలో ఆడిన సంగతి చివర్లో చాలు, కానీ ప్రదర్శన దాదాపు పది నిమిషాలు తొందరగా అయిపోయిందన్నది వదలకు, ఎందుకంటే మాటలు మింగుతూ వేగంగా పలికేవాళ్ళు, దాంతో నటుల నడక కూడా మారింది. చూసినవాళ్ళలో చాలామంది మా ఊళ్ళో ఇలాగే మాట్లాడతాం అన్నారట, ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు.

తిరగరాశాక నాకు ఫైల్ పంపకు, నువ్వే పైకి చదివి వాయిస్ మెసేజ్ పెట్టు. జేక్వీజ్ మాటల దగ్గర నీ గొంతు ఎలా పలుకుతుందో వినాలనుంది.

మీ అన్నయ్య